షిఫ్టులో తగాదా తేల్చడం ఎలా: కొత్త సూపర్‌వైజర్‌కు కొన్ని సూచనలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఫ్యాక్టరీల్లో కొత్తగా సూపర్‌వైజర్లుగా చేరేవారిలో చాలామంది డిప్లొమానో బీటెక్కో పూర్తిచేసి నేరుగా ఫ్లోర్ మీదికి వచ్చినవారు. వారి అజమాయిషీలో పనిచేసేవారిలో మాత్రం అదే యంత్రం మీద చేయి తిరిగిన, వారి తండ్రుల వయసున్న కార్మికులు ఉంటారు. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం వైపు జూట్ మిల్లులైనా, గరివిడి, బొబ్బిలి ఫెర్రో అల్లాయిస్ ఫర్నేసులైనా, పైడిభీమవరం మందుల కంపెనీలైనా, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలైనా ఈ విషయంలో పెద్ద తేడా లేదు. యంత్రం ఆగితే ఏం చేయాలో కాలేజీలో కొంత, ఫిట్టర్ దగ్గర మరికొంత నేర్చుకోవచ్చు. ఇద్దరు కార్మికులు ఒకరితో ఒకరు మాట్లాడటం మానేసినప్పుడు ఏం చేయాలో చెప్పేవారు అరుదు. ఈ వ్యాసం ఆ పని గురించే.

ఫ్లోర్ మీద వచ్చే తగాదాలు చాలావరకు మనుషుల మధ్య తగాదాల్లా కనిపిస్తాయి గాని, వాటి మొదలు పనిలోనే, అంటే సరుకులోనో, తేమలోనో, తూకంలోనో, పక్క విభాగం నుంచి సమయానికి అందని సమాచారంలోనో ఉంటుంది. కాబట్టి మనిషి మీద తీర్పు చెప్పే ముందు పనిని చూడాలి. అయితే పనిని సరిచేసినంత మాత్రాన, ఈలోగా నోరు జారిన మాటలు వాటంతట అవే సర్దుకోవు. సూపర్‌వైజర్‌కు ఈ రెండు బాధ్యతలూ ఉంటాయి.

ముందు పనిని చూడటం

ఒక జూట్ మిల్లులో రాత్రి షిఫ్టున స్పిన్నింగ్ ఫ్రేముల మీద పోగులు మామూలుకన్నా ఎక్కువగా తెగుతున్నాయనుకుందాం. తెగిన పోగును అతికేలోగా పక్కనే ఇంకొకటి తెగుతుంది, బాబిన్లు సగమే నిండుతాయి, వైండింగ్ విభాగంలో వారు చేతులు కట్టుకుని కూర్చుంటారు, తెల్లవారేసరికి ఉత్పత్తి లెక్క పడిపోతుంది. "నార ఎండిపోనాది బాబూ, నానేటి సేస్తాను" అని స్పిన్నింగ్ కార్మికుడు అంటాడు. "నార బాగానే ఉన్నాది, ఆడికే నిద్దరెక్కువైనాది" అని బ్యాచింగ్ (నారను వడకడానికి సిద్ధంచేసే విభాగం) మేస్త్రీ అంటాడు. ఈ రెండో మాట ఉదయానికల్లా క్యాంటీన్‌కు, సాయంత్రానికల్లా ఊరికి చేరుతుంది. ఇప్పుడు పైఅధికారి లెక్క ఎందుకు తగ్గిందని అడిగితే, సూపర్‌వైజర్‌కు అన్నిటికన్నా సులువుగా తోచే పని స్పిన్నింగ్ కార్మికుడికి మెమో ఇవ్వడం. ఆ మెమో రాయడానికి ఐదు నిమిషాలు చాలు గాని, అది తెచ్చే పగ ఏళ్ల తరబడి ఉంటుంది. పైగా మర్నాటి రాత్రి పోగులు తెగడం మాత్రం ఆగదు.

దానికి బదులు తెగడం ఎక్కడ, ఎప్పుడు, ఎంత అని లెక్క తీయండి. ఒకే ఫ్రేము మీద తెగుతుంటే యంత్రాన్ని, అన్ని ఫ్రేముల మీదా తెగుతుంటే నారను, రాత్రి ఒక వేళకే ఎక్కువగా తెగుతుంటే గాలిలో తేమను అనుమానించాలి. ఒక కార్మికుడు ఏ ఫ్రేము మీదికి మారినా తెగడం అతని వెంటే వెళుతుంటే, అప్పుడు మాత్రమే విచారణ మనిషి దాకా రావాలి. అప్పుడు కూడా ముందుగా అడగవలసింది అతనికి ఆ పని ఎవరు నేర్పారు, ఎంతవరకు నేర్పారు, ఒంట్లో బాగుందా, వరుసగా ఎన్ని రాత్రులు చేశాడు అన్న ప్రశ్నలే.

నార సంగతి తెలిసినవారికి ఈ ఉదాహరణలో అసలు కిటుకు వెంటనే తట్టి ఉంటుంది. నారకు నూనె, నీళ్లు కలిపిన ఎమల్షన్ పట్టించి, కుప్పగా పేర్చి, రకాన్ని బట్టి తగినంతసేపు మగ్గనివ్వాలి. మొదలు భాగం గట్టిగా ఉండే నారకు ఇంకా ఎక్కువ సమయం కావాలి. మన జిల్లాల్లో పండే గోగునార జనపనారకన్నా మోటుగా ఉంటుంది కాబట్టి, కలిపే పాళ్లలో అది పెరిగినా తేడా కనిపిస్తుంది. సరిగా మగ్గని నార కార్డింగ్‌లో, అంటే నారను దువ్వే దశలో, విరిగిపోయి, పోగు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వస్తుంది. సన్నగా ఉన్నచోట తెగుతుంది. ఇందులో స్పిన్నింగ్ కార్మికుడి నిద్రకు చోటెక్కడ?

కారణం వెనుక కారణాన్ని తవ్వుతూ వెళ్లడానికి టొయోటా కంపెనీలో తాయిచి ఓనో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటి ఉంది: ఒకే సమస్యను పట్టుకుని, వచ్చిన ప్రతి జవాబు మీదా మళ్లీ "ఎందుకు" అని ఐదుసార్లు అడగడం. పోగు ఎందుకు తెగింది? సన్నగా వచ్చింది కాబట్టి. ఎందుకు సన్నగా వచ్చింది? నార మగ్గలేదు కాబట్టి. ఎందుకు మగ్గలేదు? కుప్పను వేళకు ముందే విప్పారు కాబట్టి. ఎందుకు విప్పారు? మగ్గిన కుప్ప వేరే లేదు కాబట్టి. ఎందుకు లేదు? నిల్వ ఎంతకు తగ్గితే ఎవరికి చెప్పాలో బ్యాచింగ్ మేస్త్రీకి ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఇక్కడికి వచ్చేసరికి స్పిన్నింగ్ కార్మికుడూ మేస్త్రీ ఇద్దరూ నేరస్తుల జాబితాలోంచి తప్పుకున్నారు, పని మిగిలింది. ఐదు అనే అంకెకు మహిమేమీ లేదు. మూడింటితో తేలితే మూడు చాలు. కాని ఈ ప్రశ్నలను కార్మికుడి ఎదురుగా నిలబడి, "ఎందుకు తెంపావు" అన్న గొంతుతో అడిగితే, జవాబుగా నిజం రాదు, సాకు వస్తుంది. కుప్ప దగ్గరికి, ఫ్రేము దగ్గరికి ఇద్దరినీ తీసుకెళ్లి, నారను చేతిలోకి తీసుకుని అడగండి.

పరిష్కారం చిన్నదిగా, కంటికి కనిపించేదిగా ఉండాలి. ఏ కుప్పను ఏ రోజు ఎన్ని గంటలకు వేశారో దాని మీదే పలకపై సుద్దతో రాయాలి. వేళకు ముందు విప్పక తప్పనప్పుడు స్పిన్నింగ్‌కు ముందుగా చెప్పాలి. ఆ షిఫ్టుకు లక్ష్యాన్ని తగ్గించాలి. ఆ తరువాత నిద్ర మాట సంగతి చూడాలి. నింద నలుగురిలో పడింది కాబట్టి, అది తప్పని తేలిన విషయం కూడా ఆ నలుగురి ముందే చెప్పాలి. మేస్త్రీని మందలించవలసింది ఉంటే మాత్రం అది వేరే గదిలో, తలుపు మూసి జరగాలి.

నాలుగు మెట్లు

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, అనుభవం ఉన్న పనివారు సైన్యంలోకి వెళ్లిపోవడంతో అమెరికా ఫ్యాక్టరీలు కొత్తవారితో నిండిపోయాయి. వారిని నడిపించే సూపర్‌వైజర్లకు తర్ఫీదు ఇవ్వడానికి అక్కడి ప్రభుత్వం 1940 నుంచి 1945 వరకు ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమాన్ని నడిపింది. యుద్ధం తరువాత అది జపాన్‌కు వెళ్లి అక్కడి పరిశ్రమల్లో వేళ్లూనుకుంది. అందులో ఒక భాగం పూర్తిగా మనుషులతో మెలగడానికి సంబంధించింది, దాన్ని నాలుగు మెట్లుగా నేర్పేవారు: వాస్తవాలు సేకరించు, తూచి నిర్ణయించు, చర్య తీసుకో, ఫలితాన్ని చూడు. చదవడానికి ఇది ఎవరికైనా తెలిసిన సంగతిలాగే ఉంటుంది. ఆచరణలో మనవాళ్లు మొదటి మెట్టు నుంచి నేరుగా మూడోదానికి దూకుతారు, నాలుగోదాన్ని మరిచిపోతారు.

మొదటి మెట్టులో రికార్డు చూడటం, నియమం ఏమిటో, ఆనవాయితీ ఏమిటో కనుక్కోవడం, సంబంధించినవారితో మాట్లాడి వారి అభిప్రాయాన్నీ మనసులోని బాధనూ వినడం ఇవన్నీ ఉంటాయి. అభిప్రాయం తప్పే కావచ్చు; కాని అతనికి ఆ అభిప్రాయం ఉండటం ఒక వాస్తవం. "నన్ను కావాలనే పాత ఫ్రేము మీద వేశారు" అని ఒకరు నమ్ముతుంటే, డ్యూటీ చార్టు చూపించి అది నిజం కాదని వాదించే ముందు, ఆ నమ్మకం ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలి.

రెండో మెట్టులో తనను తాను అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇది నేను తేల్చవలసిందేనా, పైవారికి చెప్పవలసిందా? ఎవరి సాయమైనా కావాలా? ఇప్పుడే చేయాలా, రేపటికి ఆగవచ్చా? ఈ నిర్ణయం మిగతావారి మీద, పని మీద ఎలా పడుతుంది? ఒక కార్మికుడికి ఇచ్చిన మినహాయింపును మర్నాడు పదిమంది అడుగుతారు; అప్పుడు వారికి చెప్పగల జవాబు ఉంటేనే ఇవ్వాలి. మూడో మెట్టులో ఒక్కటే చెప్పాలి: నిర్ణయం మీ పరిధిలోనిదైతే "మేనేజరు గారు అలా అన్నారు" అని తప్పుకోకండి. ఒకసారి అలా తప్పుకున్న సూపర్‌వైజర్‌ను దాటి కార్మికులు నేరుగా మేనేజరు దగ్గరికే వెళతారు, అందులో వారి తప్పేమీ లేదు.

నాలుగో మెట్టు గురించి చివర్లో మళ్లీ వస్తాను.

అదే కార్యక్రమంలో సమస్య రాకముందే పాటించమన్న సూత్రాలు కూడా ఉన్నాయి. పని ఎలా చేస్తున్నాడో ప్రతి ఒక్కరికీ తెలియజేయాలి. మంచి పనికి మెప్పు అప్పటికప్పుడే ఇవ్వాలి. తమ మీద ప్రభావం చూపే మార్పులను ముందుగా చెప్పాలి. ఉన్న నైపుణ్యాన్ని పూర్తిగా వాడుకోవాలి. వీటిలో మన దగ్గర ఎక్కువగా విరిగేది మూడోది. షిఫ్టు మార్పు, మిషను మార్పు, ఓవర్‌టైమ్ రద్దు ఇవన్నీ గేటు దగ్గర నోటీసు బోర్డు మీద చూసి తెలుసుకోవలసి వస్తే, మార్పు మంచిదైనా సరే దానికి ఎదురు తిరగడం ఖాయం.

పిలుపు, వరస, ఊరు

ఉత్తరాంధ్ర ఫ్యాక్టరీలకు ఒక ప్రత్యేకత ఉంది. ఒకే షిఫ్టులో అన్నదమ్ములు, బావమరుదులు, మామా అల్లుళ్లు ఉంటారు. చాలామంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి సైకిలు మీదో ఆటోలోనో వచ్చి, డ్యూటీ దిగాక అదే వీధికి తిరిగి వెళతారు. అందువల్ల ఫ్లోర్ మీద అన్న మాట ఊళ్లో పెళ్లి దగ్గర, పంచాయతీ దగ్గర మళ్లీ వినిపిస్తుంది. ఊళ్లో గట్టు తగాదా ఉన్న ఇద్దరిని ఒకే మిషను మీద జతగా వేస్తే, దాని ఫలితం ఉత్పత్తి రిజిస్టర్‌లో కనిపిస్తుంది. వారిని కలపడం సూపర్‌వైజర్ పని కాదు. పని విషయంలో సమాచారం ఒకరి నుంచి ఒకరికి చేరేలా చూడటం వరకు అతని పని.

వయసులో పెద్దవారిని పేరుకు "గారు" చేర్చి పిలవండి. వారు మిమ్మల్ని "బాబూ" అని పిలిచారని, మీరు వారిని "నువ్వు" అనడానికి హక్కు రాదు. మహిళలను "అమ్మా" అని పిలిస్తే ఎక్కడా తప్పు కాదు. "అప్పా" (అక్కా), "వదినా" వంటి పిలుపులు ఊళ్లో ఆత్మీయమైనవే గాని, సూపర్‌వైజర్ నోట కొందరికే ఆ వరస దక్కితే మిగతావారు లెక్క కట్టుకుంటారు. మీరు కూడా ఆ ప్రాంతంవారే అయితే జాగ్రత్త ఇంకా అవసరం: సొంత ఊరివాడికి న్యాయంగా ఇచ్చిన సెలవు కూడా పక్షపాతంగానే కనిపిస్తుంది. దానికి మందు ఒక్కటే, సెలవుల జాబితాను అందరూ చూసేచోట పెట్టడం.

సెలవుల మాట వచ్చింది కాబట్టి, గైర్హాజరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాట్లు, కోతలు, సంక్రాంతి, గ్రామదేవత పండుగలు ఏటా వచ్చేవే. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుందని క్యాలెండరు చూడకుండానే అందరికీ తెలుసు. ఆ రోజు సగం మంది రాలేదని మర్నాడు కోపగించడంలో అర్థం లేదు. నెల ముందే మేస్త్రీలను, కార్మికుల ప్రతినిధులను కూర్చోబెట్టి, ఎవరు వెళతారు, ఎవరు ఉంటారు, ఉన్నవారికి బదులు సెలవు ఎప్పుడు, ఆపగలిగిన మిషన్లు ఏవి, ఫర్నేసులాగా ఆపలేనివి ఏవి అని రాసుకోవాలి. మిషను మరమ్మతులను ఆ రోజుకే పెట్టుకునేవారు తెలివైనవారు. చట్టపరంగా కూడా ఒక మెలిక ఉంది: 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, 50 శాతం లేదా అంతకుమించి కార్మికులు కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ సెలవు పెడితే దాన్ని సమ్మెగానే లెక్కిస్తారు. పండుగ సెలవును ఆ స్థితి దాకా పోనివ్వకుండా చూడటం ఇరుపక్షాలకూ మంచిది.

తూకం దగ్గర తగాదా

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీల్లో ఎక్కువగా పనిచేసేది మహిళలు. పొట్టు తీయడం, గ్రేడింగ్ వంటి పనులకు చాలాచోట్ల కిలో లెక్కన కూలి కడతారు కాబట్టి, అక్కడి తగాదా దాదాపు ఎప్పుడూ తూకం దగ్గరో, బద్దల దగ్గరో మొదలవుతుంది. 240 రకం అంటే పౌనుకు 220 నుంచి 240 పప్పులు తూగేది, 320 అంటే 300 నుంచి 320 తూగేది. పప్పు గుండుగా ఉంటేనే ఆ ధర, బద్దయితే ధర పడిపోతుంది. ఆ నష్టాన్ని పొట్టు తీసిన మనిషి చేతి మీదికి నెట్టడం యజమానికి సులువు.

కాని పప్పు విరగడానికి కారణం చాలాసార్లు ఆమె చేతికి రాకముందే పుట్టి ఉంటుంది. డ్రయ్యర్‌లో ఆరింది చాలకపోతే పొట్టు పట్టుకుని ఉండి, కత్తితో గీకవలసి వస్తుంది. మరీ ఎక్కువ ఆరితే పప్పు పెళుసై ముట్టుకుంటేనే విరుగుతుంది. కటింగ్‌లోనే పగులు పడి ఉండవచ్చు. కాబట్టి ఆమెకు ఇచ్చే ముందు ట్రేలో ఎన్ని బద్దలున్నాయో, తీసిన తరువాత ఎన్ని ఉన్నాయో కొన్ని ట్రేలకైనా విడిగా లెక్కించండి. ఆ తేడా మాత్రమే పొట్టు తీసినవారిది. ఒకే డ్రయ్యర్ బ్యాచ్ నుంచి పది మందికి ఇచ్చిన సరుకులో పదిమందికీ బద్దలు పెరిగితే, పదిమందీ ఒకేరోజు పని మరిచిపోయారని ఎవరూ అనలేరు.

తూకం కాటా అంకెలు కార్మికురాలికి కనిపించేలా తిప్పి పెట్టాలి. ఖాళీ డబ్బా బరువును ఆమె ముందే తీసివేయాలి. ఆ రోజు కూలి రేటును గోడ మీద తెలుగులో రాయాలి. చదవడం రానివారు ఉంటే చిట్టీని నోటితో చదివి వినిపించాలి. వీటికి ఖర్చు ఏమీ కాదు. ఇవి లేనిచోట యజమాని ఎంత నిజాయితీపరుడైనా సాయంత్రానికి అనుమానం మిగులుతుంది.

కాంట్రాక్టు కార్మికులు, పర్మినెంటు కార్మికులు పక్కపక్కనే పనిచేసేచోట అనుమానానికి ఇంకో రూపం ఉంటుంది. జీతంలో తేడాను సూపర్‌వైజర్ తీర్చలేడు. గ్లౌజులు, మంచినీళ్లు, క్యాంటీన్ వరుస, విశ్రాంతి సమయం, పిలుపులో మర్యాద ఇవి మాత్రం అతని చేతిలోనివే. ప్రమాదకరమైన పనినీ, మురికి పనినీ ఎప్పుడూ కాంట్రాక్టువారికే వేసే అలవాటు ఉంటే డ్యూటీ చార్టులో దాన్ని ముందు మార్చండి.

మీరు తేల్చకూడనివి

రాజీ కుదర్చడం అలవాటైన సూపర్‌వైజర్ కొన్ని చోట్ల చేయి పెట్టకూడదు. మహిళ మీద లైంగిక వేధింపు జరిగిందన్న ఫిర్యాదు వాటిలో మొదటిది. 2013 నాటి చట్టం ప్రకారం పది మంది లేదా అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఒక మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలై ఉండాలి. పది మందికన్నా తక్కువ ఉన్నచోట ఫిర్యాదు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళుతుంది. ఫిర్యాదుకు మామూలు గడువు 3 నెలలు. "ఊరివాళ్లం, కూర్చుని మాట్లాడుకుందాం" అని ఆమెను ఒప్పించే పని మీది కాదు. రాజీ ప్రయత్నం ఆమె కోరితేనే, కమిటీ ద్వారానే జరగాలి, అదీ డబ్బు ప్రాతిపదికగా జరగకూడదు.

ప్రమాదం, లేదా వెంట్రుకవాసిలో తప్పిన ప్రమాదం రెండోది. వాల్వు కారుతోందని, మిషను గార్డు ఊడిందని చెప్పినవాడినే "నువ్వు అక్కడేం చేస్తున్నావు" అని ప్రశ్నించిన చోట, తరువాతిసారి ఎవరూ చెప్పరు. ద్రావకాలతో పనిచేసే మందుల కంపెనీలో ఆ మౌనం ఎంతకు దారితీస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. అలాంటి సంగతి వినగానే పని ఆపి సేఫ్టీ విభాగానికి రాతపూర్వకంగా చెప్పాలి.

మిగతా ఫిర్యాదుల్లో మీ స్థాయిలో తేలనివాటికి చట్టం ఒక దారి చూపింది. పైన చెప్పిన కోడ్ ప్రకారం 20 మంది లేదా అంతకుమించి కార్మికులున్న పరిశ్రమలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమాన సంఖ్యలో, మొత్తం పదిమందికి మించకుండా ఉంటారు. అధ్యక్ష స్థానం ఏడాదికోసారి ఒక పక్షం నుంచి మరో పక్షానికి మారుతుంది. మహిళా కార్మికుల నిష్పత్తికి తగ్గకుండా మహిళలు ఉండాలి. కారణం తలెత్తిన ఏడాదిలోగా కార్మికుడు అర్జీ పెట్టుకోవచ్చు, అందిన 30 రోజుల్లో కమిటీ విచారణ పూర్తిచేయాలి. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లోగా తన యూనియన్ ద్వారా కన్సిలియేషన్ అధికారి (రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. కార్మికుడు కమిటీకి వెళితే దాన్ని తమ మీద ఫిర్యాదుగా తీసుకునే సూపర్‌వైజర్లు ఉన్నారు. నిజానికి రోజూ మీ బల్ల దగ్గర తెగని వాదన, ఒక గడువు ఉన్న చోటికి చేరిందని సంతోషించాలి.

ఫలితం చూడటం, రాసిపెట్టడం

నాలుగో మెట్టు ఇప్పుడు. చర్య తీసుకున్న తరువాత దాని ఫలితాన్ని ఎప్పుడు చూస్తారో ఆ రోజే తేదీ వేసుకోండి: మొదటిసారి వారంలోపు, తరువాత నెల తిరిగేసరికి. పోగులు తెగడం తగ్గిందా అన్నది సగం ప్రశ్న. స్పిన్నింగ్ కార్మికుడూ, బ్యాచింగ్ మేస్త్రీ షిఫ్టు మార్పు వేళ మళ్లీ మాట్లాడుకుంటున్నారా అన్నది మిగతా సగం. లెక్క మెరుగై, మాటలు లేకపోతే, సమస్య ఇంకో రూపంలో తిరిగి వస్తుంది. సాధారణంగా ఎవరో ఒకరు సమాచారాన్ని తమ దగ్గరే అట్టిపెట్టుకోవడంతో మొదలవుతుంది.

షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు ఇద్దరు సూపర్‌వైజర్లూ ఫ్లోర్ మీదే కలిసి నడవాలి. ఆఫీసు గదిలో రిజిస్టర్ చేతికిచ్చి వెళ్లిపోవడం అప్పగింత కాదు. ఏ మిషను ఎలా ఉంది, ఏ సరుకు తక్కువైంది, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరికి ఏం మాట ఇచ్చాం అన్నవి నోటితో చెప్పి, తరువాత రాయాలి. ఇచ్చిన మాట రాయకపోతే తరువాతి షిఫ్టువారు తెలియక దాన్ని తప్పుతారు, మాట తప్పినవారిగా మీరే మిగులుతారు.

రిజిస్టర్‌లో విశేషణాలు రాయకండి. "నిర్లక్ష్యంగా ప్రవర్తించాడు" అన్న వాక్యం ఏ విచారణలోనూ నిలవదు. "రాత్రి 2 గంటలకు ఫ్రేము దగ్గర లేరు, 2.20కి వచ్చారు, మంచినీళ్ల కోసం వెళ్లానని చెప్పారు, ఆ రాత్రి ఆ వైపు కుళాయి పనిచేయలేదు" అని రాస్తే చదివినవారికి జరిగింది తెలుస్తుంది, కుళాయి బాగుచేయించవలసిన పని కూడా తెలుస్తుంది. రాసినదాన్ని సంబంధించిన కార్మికుడికి చదివి వినిపించి, అతను కాదన్న వాక్యం ఉంటే దాని కిందే అతని మాటల్లో రాసి, సంతకమో వేలిముద్రో తీసుకుని, నకలు అతనికి ఇవ్వండి.